పునరుజ్జీవన ముద్రాచిత్రాల్లో యుద్ధభటుడు

నాలుగేళ్ళ కిందట ఒక అధ్యయన తరగతిలో ఉపన్యసిస్తూ, జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1525 నాటి తిరుగుబాటులో రైతుల పక్షాన నిలిచాడని నేను ఢంకా బజాయించి చెప్పాను. ఆధారంగా ఒక పుస్తకంలోని బొమ్మ చూపాను. పశువులు, గింజల పెట్టె, పాలముంత, పనలు, పారలు ఒకదానిమీద ఒకటి పేర్చిన స్తంభం. దాని కొన మీద కూలబడిన రైతు. అతని వీపులో దిగిన కత్తి. సభ రంజిల్లింది. ముగిసిన తర్వాత వెనక బెంచీలో కూర్చున్న ఒక విద్యార్థి దగ్గరికి వచ్చి, “మాస్టారూ, కత్తి ఉంది గాని పొడిచినవాడు లేడేమండీ? వాడి బొమ్మ ఎవరూ వెయ్యలేదా?” అని అడిగాడు. ఏదో చెప్పి పంపేశాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దాన్ని పట్టుకుని ఆ కాలపు అచ్చుబొమ్మలన్నీ మళ్ళీ చూడవలసి వచ్చింది. చూసిన కొద్దీ నా ఉపన్యాసంలోని ధీమా సడలిపోయింది.

నేను చిత్రకళా శాస్త్రజ్ఞుణ్ణి కాను. తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి. యుద్ధవర్ణనలు పాఠం చెప్పడం నా వృత్తిలో భాగం. నాయకుడికి పేరూ, సేనకు సంఖ్యా ఉండే వర్ణనలకు అలవాటు పడిన కన్ను నాది. ఆ కంటికి ఈ అచ్చుబొమ్మల్లో మొదట తోచిన విశేషం ఏమిటంటే, ఇక్కడ సేన ముందుకు వచ్చింది; నాయకుడు వెనక్కి జరిగాడు. ఇది మామూలు మార్పు కాదు. దీని వెనుక కాగితం ఉంది, సంత ఉంది, కంసాలి కొట్టు ఉంది, జీతానికి యుద్ధం చేసే మనిషి ఉన్నాడు.

ముందు పనిముట్ల సంగతి చెప్పుకోవాలి. మన విమర్శకులు కళలో రూపాన్ని గురించి ఎంతయినా మాట్లాడతారు గాని రూపం ఏ కొట్లో పుట్టిందో అడగరు. రాగిరేకు మీద సన్నని ఉలితో గీత చెక్కి, గీతలో సిరా నింపి, తడి కాగితం మీద అదిమి తీసే విద్య పదిహేనో శతాబ్దంలో కంసాలుల చేతిలోనుంచి వచ్చింది. ఉలితో చెక్కడానికి బదులు లోహాన్ని ఆమ్లంతో కొరికించే విద్య ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? కవచాల మీద లతలూ పువ్వులూ దించే పనివాళ్ళ దగ్గరినుంచి! ఆగ్స్‌బర్గ్ నగరంలో డానియల్ హోప్ఫర్ అనే కవచపు నగిషీపనివాడు, దొరల ఉక్కు మీద చేసే పనినే ఇనపరేకు మీద చేసి కాగితం మీద అచ్చులు తీశాడు. ఆ అచ్చుల్లో కిరాయి సైనికులూ ఉన్నారు. దొర కవచాన్ని అలంకరించిన ఆమ్లమే ఆ దొర జీతగాడి బొమ్మనూ గీసింది. ఇక కొయ్య దిమ్మల సంగతి: చిత్రకారుడు దిమ్మ మీద గీస్తాడు, చెక్కేవాడు వేరే ఉంటాడు. బొమ్మ మీద చిత్రకారుడి ముద్ర పడుతుంది. చెక్కినవాడి పేరు సాధారణంగా పడదు.

చిత్తరువు రాజు గోడకో చర్చి గోడకో అంటుకుని ఉంటుంది. అచ్చుబొమ్మ సంతకు వెళ్తుంది. డ్యూరర్ తల్లి నురెంబర్గ్ తిరునాళ్ళలోనూ, భార్య ఆగ్నెస్ ఫ్రాంక్‌ఫర్ట్ సంతలోనూ అతని అచ్చులు పెట్టుకుని అమ్మేవారు. ఇది చదివి నేను ఒకప్పుడు, ఇదిగో ప్రజల కళ అని సంబరపడ్డాను. తొందరపాటే. సంతకు వెళ్ళినంత మాత్రాన సరుకు ప్రజలది కాదు. కొనేవాడెవరో, ఏది కొంటాడో, ఏది కొనడో కూడా చూడాలి.

ఇటలీ నుంచి మొదలుపెడతాను. ఫ్లారెన్సు కంసాలి ఆంటోనియో పొల్లాయువోలో 1470 ప్రాంతంలో చెక్కిన ‘నగ్నుల యుద్ధం’ సుమారు 42 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల అచ్చు. ఆ శతాబ్దంలో ఫ్లారెన్సులో వచ్చిన రాగిరేకు అచ్చుల్లో అంత పెద్దది లేదు. పదిమంది మగవాళ్ళు, ఒంటిమీద నూలుపోగు లేకుండా, కత్తులతో, గొడ్డళ్ళతో, విండ్లతో, బాకులతో ఒకణ్ణొకడు నరుక్కుంటున్నారు. మధ్యన ఇద్దరు ఒకే గొలుసును చెరొక కొసా పట్టుకుని కత్తులెత్తారు. వెనక తెరలాగా దట్టమైన పైరు, ద్రాక్షతీగలు. ఎడమవైపు చెట్టుకు వేలాడగట్టిన పలక మీద, ఇది ఫ్లారెన్సు ఆంటోనియో పని అని లాటిన్‌లో చెక్కి ఉంది. పనివాడు తన పేరు ఇంత పెద్దగా వేసుకోగలిగిన కాలం వచ్చిందన్నమాట.

ఈ బొమ్మను శుద్ధరూపవాదులు ఎంతో మెచ్చుకుంటారు. మానవశరీరం, కండరాల అమరిక, ఒకే భంగిమను ముందునుంచీ వెనకనుంచీ చూపిన నేర్పు. ఇవన్నీ ఉన్నవి, నేను కాదనను. పనివాళ్ళ కొట్లలో ఇది నమూనా ప్రతిగా పనికివచ్చిందన్నదీ నిజమే. అయితే ఈ పదిమంది ఎవరు? ఏ పక్షానికెవరు చెందుతారు? జెండా లేదు, రాజు లేడు, ఊరు లేదు, కారణం లేదు. శత్రువెవడో మిత్రుడెవడో పోల్చుకోవడానికి దుస్తులన్నా లేవు. ప్రతివాడూ ఎదుటివాడికి అద్దంలో నీడలా ఉన్నాడు. అప్పటి ఇటలీ నగరాలు తమ యుద్ధాలను గుత్తకు ఇచ్చేవి. గుత్త తీసుకున్న సేనాని ఈ ఏడు ఒక నగరానికీ, పై ఏడు దాని శత్రువుకూ పనిచేయవచ్చు. 1440 నాటి ఆంగియారి యుద్ధంలో చచ్చినవాడు ఒక్కడే, వాడూ గుర్రం మీదినుంచి పడి చచ్చాడని మకియవెల్లి ఎద్దేవా చేశాడు. అది అతిశయోక్తి, చచ్చినవాళ్ళు వందల్లో ఉన్నారు. కాని ఆ ఎగతాళి వెనుక ఉన్న అనుభవం నిజమైనది. పొల్లాయువోలో ఈ గుత్త యుద్ధాలను విమర్శించాలని కూర్చున్నాడని నేననను. అట్లా అంటే మళ్ళీ పాత పొరపాటే. అతనికి రోమను రాతిశిల్పాలు ఆదర్శం, శరీరం అభ్యాసం. అయితే బట్టలు విప్పేసరికి పక్షాలు కూడా ఊడిపోయినాయి. అతడు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, బొమ్మలో మిగిలింది కారణం లేని హత్య.

ఆల్ప్స్ పర్వతాలు దాటి ఉత్తరానికి వస్తే సైనికుడికి బట్టలున్నాయి. బట్టలేమిటి, అతనికి ఉన్న ఆస్తే అది! లాండ్స్‌క్నెఖ్ట్ అని పిలిచే జర్మన్ కిరాయి భటుడు రంగురంగుల బట్టను అడుగడుగునా చీల్చి, లోపలి రంగు బయటికి లాగి, టోపీలో ఈకలు దోపుకుని తిరిగేవాడు. అతని జీతం నెలకు నాలుగు గిల్డర్లు. ఈటె, కత్తి, బట్ట తనే కొనుక్కోవాలి. జీతం అందకపోతే దోచుకోవాలి. 1527లో జీతం ముట్టని చక్రవర్తి సేన రోము నగరాన్ని ఏం చేసిందో చరిత్రలో ఉంది. వీళ్ళలో చాలామంది రైతుల కొడుకులూ, పని దొరకని చేతివృత్తులవాళ్ళూను. ఊళ్ళో ఉంటే తలవంచుకు నడవవలసినవాడు, ఇక్కడ ఈకల టోపీతో నిక్కి నిలబడగలిగాడు. సంతలో అతని బొమ్మ విపరీతంగా అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళలో అసూయపడినవాళ్ళూ ఉంటారు, భయపడినవాళ్ళూ ఉంటారు.

ఈ భటుణ్ణి తన కీర్తికి ఎట్లా వాడుకోవాలో బాగా తెలిసిన ఏలిక మాక్సిమిలియన్ చక్రవర్తి. ఖజానాలో డబ్బు లేదు గాని కాగితం మీద వైభవానికి కొదవ లేదు. అతని ‘జైత్రయాత్ర’ నూటముప్పై పైచిలుకు కొయ్య దిమ్మల మీద చెక్కిన ఊరేగింపు. అచ్చులన్నీ వరసగా అంటిస్తే 54 మీటర్ల పొడవు వస్తుంది. బుర్క్‌మయిర్, ఆల్ట్‌డార్ఫర్, డ్యూరర్ మొదలైన వాళ్ళంతా ఇందులో పనిచేశారు. 1519లో చక్రవర్తి చనిపోయేనాటికి పని పూర్తి కాలేదు. 1526లో మనుమడు ఫెర్డినాండ్ అచ్చు వేయించాడు. ఏనాడూ వీధిలో నడవని ఊరేగింపు ఇది. ఇందులో భటులు వరసలు తీరి, ఈటెలు భుజాన వేసుకుని, తలమీద విజయమాలలతో నడుస్తారు. ఎవరి చొక్కా మీదా నెత్తురు చుక్క లేదు.

ఈ ఊరేగింపులో మనకు సంబంధించిన ఒక తునక ఉంది. చివరి భాగంలో బుర్క్‌మయిర్ ‘కలికట్ జనం’ అంటూ ఏనుగునూ, ఒంటిమీద బట్టలేని భటులనూ, తలల మీద గంపలెత్తుకున్న ఆడవాళ్ళనూ నడిపించాడు. కలికట్ అంటే మన కోళిక్కోడు. 1498లో అక్కడ దిగింది పోర్చుగీసువాళ్ళు. మాక్సిమిలియన్‌కు ఆ నేలమీద జానెడు చోటు లేదు. అయినా కోళిక్కోడు జనం తనకు లోబడినవారని ఊరేగింపు పాఠంలో రాయించుకున్నాడు. మలబారు తీరానికి పోయివచ్చిన స్ప్రింగర్ అనే వర్తకుల ఏజెంటు వృత్తాంతానికి బుర్క్‌మయిర్ 1508లోనే బొమ్మలు వేశాడు. తాను మాత్రం ఈ దేశం ఎన్నడూ చూడలేదు. వలసపాలన ఇంకా పుట్టలేదు. దాని బొమ్మ ముందే అచ్చయి కూర్చున్నది.

కలికట్ జనం వెనకనే వచ్చేది సామాను బళ్ళ వరస. దీన్ని ఆల్ట్‌డార్ఫర్ చేశాడంటారు. నా మట్టుకు నాకు మొత్తం ఊరేగింపులో ఇదే గొప్ప భాగం. ఇక్కడికి వచ్చేసరికి వరస చెదిరిపోతుంది. అడవిదారి, బళ్ళు, మూటలు మోసే ఆడవాళ్ళు, వంటవాళ్ళు, కాలీడ్చుకుంటూ నడిచే బీదజనం. ముందునడిచే విజయమాలల సైన్యాన్ని తిండిపెట్టి నడిపించేది ఈ గుంపే. చక్రవర్తి కోరింది తన వైభవం గనక తోక కూడా ఉండాలన్నాడు. తోకలో వాస్తవం వచ్చి కూచుంది. ఇంకొక సంగతి. వియన్నాలో భద్రంగా ఉన్న ఈ దిమ్మలను తిరగవేసి చూస్తే, వెనకవైపున చెక్కినవాళ్ళ పేర్లు ఉన్నాయి. ముందువైపు చక్రవర్తి, వెనకవైపు పనివాడు.

ఇక ఉర్స్ గ్రాఫ్. ఈ వ్యాసంలో నేను ఎక్కువసేపు ఆగదలచింది ఇతని దగ్గరనే. 1485 ప్రాంతంలో స్విట్జర్లండ్‌లోని సొలతూర్న్‌లో పుట్టి, బాజెల్‌లో స్థిరపడిన కంసాలి. సంతకం కింద బాకు బొమ్మ వేసుకునేవాడు. ఊరికే వేసుకోలేదు: ఈటె పట్టి యుద్ధాలకు పోయినవాడు, తాగి కొట్లాడి చెరసాల చూసినవాడు, కిరాయి యుద్ధానికి పోవద్దన్న నగర పాలకుల ఆజ్ఞ మీరి దండన అనుభవించినవాడు. ఆ కాలపు చిత్రకారుల్లో యుద్ధాన్ని లోపలినుంచి చూసినవాడు ఇంతగా మరొకడు లేడు. 1515 సెప్టెంబరులో మరిన్యానో దగ్గర స్విస్ కాల్బలం రెండు రోజులు పోరాడి ఫ్రెంచి ఫిరంగుల ముందు వేలాదిగా కూలిపోయింది. ఆరేళ్ళు తిరగకుండా, 1521లో, స్విస్ కాంటన్లు జ్యూరిక్ తప్ప అన్నీ అదే ఫ్రెంచి రాజుకు భటులను సరఫరా చేసే ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. చచ్చేది పల్లెల కుర్రాళ్ళు. రాజుగారి వర్షాశనాలు అందుకునేది పట్టణాల పెద్దలు. జ్యూరిక్‌లో మతాచార్యుడు త్స్వింగ్లీ ఈ నెత్తురు వ్యాపారాన్ని ఖండించాడు. భటులతోపాటు ఇటలీ యుద్ధరంగానికి పోయి వచ్చిన మనిషి కాబట్టి ఆ మాటకు బరువుంది.

అదే 1521లో గ్రాఫ్ రెండు పనులు చేశాడు. ఒకటి, కాంటన్ల పతాకధారుల కొయ్య అచ్చులు, పదహారు. నల్లని నేల మీద తెల్లని గీతలతో, ఒక్కొక్క పతాకధారి కాళ్ళు ఎడంగా పెట్టి జెండా ఎగరేస్తూ నిలబడతాడు. ఎంత దర్పం, ఎంత సొగసు! ఒడంబడిక జరిగిన ఏట, ఏ కాంటన్‌వాడు ఆ కాంటన్ జెండా కొనుక్కుని గోడకు అంటించుకోవచ్చు. రెండవది, ‘యుద్ధభూమి’ అనే కలం చిత్రం. ఇప్పుడు బాజెల్ మ్యూజియంలో ఉన్నది. ముందుభాగంలో బట్టలు ఊడదీసిన శవాలు గుట్టలుగా పడి ఉన్నాయి. చెట్టుకు ఉరివేసిన మనుషులు వేలాడుతున్నారు. వెనక ఈటెల అడవిగా సేనలు ఇంకా తలపడుతూనే ఉన్నాయి, దూరాన ఊరు తగలబడుతున్నది. ఈ అన్నింటి పక్కన ఒక భటుడు నిలబడి, ఎవరినీ పట్టించుకోకుండా, సీసా ఎత్తి గటగటా తాగుతున్నాడు.

ఇది అచ్చు కాలేదు. మిత్రులారా, నాకు తోచినంతవరకు మన చర్చకు కీలకం ఇక్కడ ఉంది. ఒకే చేయి, ఒకే సంవత్సరం, ఒకే విషయం. సంతకు వెళ్ళినది జెండా. శవాల గుట్ట వేసినవాడి దగ్గరే కాగితం మీద మిగిలిపోయింది. కళాకారుడికి సత్యం తెలియదా అంటే తెలుసు. చేతనయిందా అంటే చేతనయింది. కాని సరుకుగా మారగలిగినది వేరు. అచ్చుయంత్రం వచ్చింది గనక సత్యం జనంలోకి వెళ్ళిందని సులువుగా రాసే మనవాళ్ళు ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. అయితే నేను మరీ అటు కూడా ఒరగలేను. ఎందుకంటే 1524లో గ్రాఫ్ ఒక కొయ్య అచ్చు తీశాడు. ఇద్దరు కిరాయి భటులు నిలబడి ఉంటారు, పక్కన ఒక ఆడది కూర్చుని ఉంటుంది, పైన మోడుచెట్టు మీద మృత్యువు గడియారం చేతపట్టుకుని నవ్వుతూ ఉంటుంది. వాళ్ళు తల ఎత్తి చూడరు. ఇది అమ్ముడుపోయే బొమ్మే. మృత్యువు అనే పాత మతచిహ్నం ముసుగులో కొంత సత్యం సంతకు వెళ్ళగలిగింది. చంపేవాణ్ణి గాని, చంపమని జీతమిచ్చేవాణ్ణి గాని అందులోనూ చూపలేదు.

ఇప్పుడు నురెంబర్గ్‌కు, నా ఉపన్యాసపు స్తంభం దగ్గరికి వస్తాను. 1525 జనవరిలో ఆ నగర పాలకులు ముగ్గురు యువ చిత్రకారులను, జేబల్డ్ బేహమ్, అతని తమ్ముడు బార్టెల్, గేయోర్గ్ పెంట్స్‌లను, దేవుడూ లేడు దొరా లేడు అంటున్నారన్న నేరం మోపి ఊరినుంచి వెళ్ళగొట్టారు. ఆ వసంతంలోనే తిరుగుబాటు దక్షిణ జర్మనీ అంతా అంటుకుంది. స్వాబియన్ లీగు సేనాని ట్రూఖ్‌సెస్ కాల్బలంలో చాలామంది మొదట్లో, మా వాళ్ళ మీదికి మేము నడవమని మొరాయించారు. తర్వాత నడిచారు. మే 15న ఫ్రాంకెన్‌హౌసెన్ దగ్గర రాకుమారుల సేనలు రైతులను వేలసంఖ్యలో ఊచకోత కోశాయి. ఎంగెల్స్ 1850లో రాసిన రైతాంగ యుద్ధ చరిత్ర మన పాఠకులకు పరిచితమే గనక ఆ కథ మళ్ళీ చెప్పను. విద్యార్థి అడిగిన ‘పొడిచినవాడు’ వీడే: ఈకల టోపీ పెట్టుకున్న రైతు కొడుకు.

ఆ ఏడే డ్యూరర్ కొలతల శాస్త్రగ్రంథం వెలువడింది. ఆ రైతు స్తంభం అందులోది. నేను నా ఉపన్యాసంలో చెప్పని సంగతులు రెండున్నాయి. మొదటిది, ఆ స్తంభం ఒంటరిగా లేదు. దానితోపాటు అదే పుస్తకంలో ఆయుధాలు పేర్చిన విజయస్తంభం ఒకటి, తాగుబోతు సమాధికని వేళాకోళంగా గీసిన స్తంభం మరొకటి ఉన్నాయి. తిరగబడిన రైతులను గెలిచినవాడు స్మారకం కట్టుకోదలిస్తే ఈ సామాను వాడుకోవచ్చునని డ్యూరర్ కొలతలతో సహా వివరించాడు. రెండవది, 1527లో అతడు కోటల నిర్మాణం మీద పుస్తకం రాసి ఫెర్డినాండ్‌కే అంకితమిచ్చాడు. బీదవాళ్ళకు బిచ్చం వేసే బదులు ఇటువంటి పనుల్లో రోజుకూలి ఇస్తే వాళ్ళకు అడుక్కునే పని తప్పుతుంది, తిరుగుబాటు వైపూ అంతగా పోరు అని అందులో సలహా కూడా చెప్పాడు. డ్యూరర్ కోటలు కట్టే విధానం కనిపెట్టాడని ఎంగెల్స్ మెచ్చుకున్న మాట మనం తరచు ఉటంకిస్తాం. ఆ కోట ఎవరికని అడగం.

మరి స్తంభం మీది రైతు? కూర్చున్న తీరు చూడండి. తల వాల్చి, చేతికి ఆనించి, శిలువకు ముందు క్రీస్తు కూర్చున్నట్టు ఆ కాలపు జర్మన్ శిల్పులు చెక్కిన భంగిమ అది. హాస్యానికి వేసిన బొమ్మయితే ఆ భంగిమ అక్కరలేదు. కత్తి ఎదురుగా దిగలేదు, వీపులో దిగింది. అంటే యుద్ధంలో చచ్చినవాడు కాదు, వెనకనుంచి పొడవబడినవాడు. పండితులు ఇది పరిహాసమా, పరితాపమా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. రెండూ ఉన్నాయని నా అభిప్రాయం. నగరంలో పరువుగల పెద్దమనిషి, ఏలికల నుంచి వర్షాశనం తినేవాడు, తిరుగుబాటును సమర్థించలేడు. కాని ఆ చేయి పశువునూ, పాలముంతనూ, కోళ్ళగంపనూ అంత శ్రద్ధగా గీసిన తర్వాత వాటి యజమానిని ద్వేషించలేకపోయింది. పక్షాన నిలిచాడని నేను అన్న మాట తప్పు. దాన్ని ఉపసంహరించుకుంటున్నాను. పట్టి చూపాడు అంటే చాలు.

నిలబడిన మనిషి వేరే ఉన్నాడు. హియరానిమస్ ఆండ్రే అని నురెంబర్గ్‌లో దిమ్మలు చెక్కేవాడు. మాక్సిమిలియన్ ‘విజయతోరణం’ అనే పెద్ద అచ్చుకు, డ్యూరర్ మొదలైనవాళ్ళు గీసిన సుమారు 190 దిమ్మలను అతని కొట్టే చెక్కింది. రైతుల పక్షం వహించినందుకు 1525లో అతణ్ణి చెరలో పెట్టారు. డ్యూరర్ కొలతల గ్రంథం అచ్చయింది అతని అక్షరాలతోనే. రైతు వీపులో కత్తి ఉన్న ఆ పుట, రైతుల కోసం చెరసాలకు పోయినవాడి కొట్టునుంచి బయటికి వచ్చిందన్నమాట. డ్యూరర్ పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకున్న ఆ రోజు నాకు ఆండ్రే పేరు కూడా తెలియదు.

విద్యార్థికి ఇవ్వవలసిన జవాబు ఇది. పొడిచినవాడి బొమ్మలు కొల్లలుగా వేశారు. కత్తి లేకుండా కాదు, ఎదుట శవం లేకుండా. జెండాతో, ఈకలతో, ప్రియురాలితో వేశారు. చచ్చినవాడి బొమ్మ కూడా వేశారు, పొడిచిన చేయి లేకుండా. రెండింటినీ ఒకే కాగితం మీద పెట్టిన అచ్చు నాకు ఆ 1525 ప్రాంతపు నురెంబర్గ్‌లో కనబడలేదు. ఫ్రాన్సు సరిహద్దున జాక్ కలో 1633లో పద్దెనిమిది రేకుల మీద సైనికుడు పల్లెను దోచడమూ, పల్లె సైనికుణ్ణి పట్టి చంపడమూ వరసగా చెక్కేదాకా ఆగవలసి వచ్చింది. అది మరో శతాబ్దపు కథ.

ఇంకొక్క అచ్చు మాత్రం చెప్పాలి. 1525లో ఊరినుంచి వెళ్ళగొట్టబడిన ముగ్గురిలో పెంట్స్ తర్వాత ఆ నగరానికే ఆస్థాన చిత్రకారుడయ్యాడు. బార్టెల్ బవేరియా ప్రభువు కొలువులో చేరాడు. వాళ్ళను నేను తప్పుపట్టను, తిండి తినాలి గదా. జేబల్డ్ ఫ్రాంక్‌ఫర్ట్ చేరి, అరచేతిలో ఇమిడే చిన్న చిన్న రాగి అచ్చులు చెక్కి అమ్ముకున్నాడు. 1544లో, తిరుగుబాటు అణగి పంతొమ్మిదేళ్ళయిన తర్వాత, అటువంటి చిన్న అచ్చులో ఇద్దరిని నిలబెట్టాడు. ఒకడి చేతిలో జెండా, మరొకడి దగ్గర డప్పు. నిలబడిన తీరు అచ్చం కిరాయి భటులది. కాని తలల దగ్గర పేర్లు చెక్కాడు. లాండ్స్‌క్నెఖ్టుల బొమ్మల్లో మామూలుగా పేర్లుండవు. ఆక్కర్ కోంట్స్, అంటే చేలో కోంట్స్. రెండోవాడు క్లోస్ వూట్సర్. కోంట్స్ అనేది రైతులందరినీ కలిపి పిలిచే పేరు కూడా కాబట్టి అది ఒక్క మనిషిదేనని పట్టుబట్టలేం. పేర్లతోపాటు మరొక ముక్క చెక్కాడు: రైతుయుద్ధంలో, 1525.